ఆంప్లిఫయర్‌కి బ్యాటరీ తగిలించే ముందు

ఎండాకాలం కరెంటు కోతలు మొదలయ్యాయంటే, ఇంట్లో పాటల సిస్టమ్‌ని బ్యాటరీ మీద నడుపుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కోతలు లేకపోయినా, చవక అడాప్టర్ పెట్టే గుయ్‌మనే మోత భరించలేక బ్యాటరీ వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. మోత అడాప్టర్ నుంచే వస్తుంటే అది నిజంగానే పోతుంది. అంతకు మించి పాట మారిపోతుందని ఎవరైనా అంటే నేనైతే నమ్మను.

"పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు" అన్న ధీమాతోనే చిక్కంతా. షాక్ కొట్టదు, నిజమే. కానీ కాలుతుంది. యూపీఎస్‌లో ఉండే చిన్న 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ కూడా, ప్లస్సూ మైనస్సూ కలిసిపోతే వంద ఆంపియర్లకు పైగా వదలగలదు. గోడ ప్లగ్గులో షార్ట్ అయితే మీటరు పెట్టె దగ్గరి ఎంసీబీ స్విచ్ దానంతటదే పడిపోయి కరెంటు ఆపేస్తుంది. బ్యాటరీకి అలాంటిదేమీ ఉండదు, మనం పెడితే తప్ప.

కాబట్టి అన్నిటికంటే ముందు కొనాల్సింది ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ వైరు మీద, టెర్మినల్‌కి జానెడు లోపే పెట్టండి. ఆంప్లిఫయర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఏ మంచం కోడు కిందో నలిగినప్పుడు అది పనికిరాదు. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు, దాని హోల్డర్ ఏ ఆటో స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి 10 ఆంపియర్లు మించకూడదు. ఇంట్లో మామూలుగా వినే చిన్న ఆంప్లిఫయర్ బోర్డుకి 5 చాలు. ఎగిరిపోయిందని అంతకంటే పెద్దది వేయడం, రాగి తీగ చుట్టి సర్దేయడం మనవాళ్లకి అలవాటైన విద్యే. ఇక్కడ మాత్రం వద్దు.

వైర్లన్నీ ముందు ఆంప్లిఫయర్ వైపు బిగించి, బ్యాటరీ వైపు చివర్లో తగిలించాలి. చేతికి కడియం, ఉంగరం ఉంటే తీసేయండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. వైరు రంగు చూసి ప్లస్, మైనస్ తేల్చేయకుండా మల్టీమీటర్‌తో చూసుకోండి. చవక బోర్డుల్లో చాలావాటికి తిరగేసి కలిపితే కాపాడే డయోడ్ కూడా ఉండదు, ఒక్క క్షణంలో పోతాయి.

వోల్టేజీ దగ్గర ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే క్లాస్-డి (తక్కువ కరెంటు వృథా చేసే రకం) ఆంప్లిఫయర్ బోర్డుల్లో టీపీఏ3116 చిప్ బాగా వాడుకలో ఉంది. అది 4.5 నుంచి 26 వోల్టుల దాకా పనిచేస్తుంది. 12 వోల్టుల మీద 8 ఓముల స్పీకర్‌కి వచ్చేది మహా అయితే 9 వాట్లు, 24 వోల్టులైతే దానికి నాలుగింతలు. అందుకే రెండు బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపి) పెడదామని ఆశ పుడుతుంది. కానీ 24 అన్నది పేరుకే. యూపీఎస్‌లో, ఇన్వర్టర్లో మామూలుగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే ఒక్కోటి 12.7 వోల్టులు చూపిస్తుంది, రెండూ కలిసి 25.4. చార్జర్ తగిలించి ఉండగా పాట పెడితే అది 28.8 దాకా పోతుంది, చిప్ పనిచేసే 26 వోల్టుల హద్దు దాటిపోయినట్టే. రెండు బ్యాటరీలతో నడిపేవాళ్లు చార్జింగ్ సమయంలో ఆంప్లిఫయర్‌ని పూర్తిగా విడదీయాల్సిందే. బోర్డు మీది కెపాసిటర్లపై 25 వోల్టులని రాసి ఉంటే అసలు ఆ జోలికే వెళ్లకండి. టీడీఏ7297 అనే ఇంకో చిప్ ఉన్న బోర్డులకైతే 18 వోల్టులే హద్దు, ఒక్క బ్యాటరీతో సరిపెట్టుకోవాలి.

ఈ రెండు రకాల బోర్డుల్లోనూ స్పీకర్ మైనస్ వేరు, బ్యాటరీ మైనస్ వేరు. వైరు ఆదా అవుతుందని రెండు స్పీకర్ల మైనస్‌లు ఒకటి చేయకండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ల చూపు దాని 150 ఏహెచ్ బ్యాటరీ మీద పడుతుంది. రెండు బ్యాటరీల ఇన్వర్టర్లో ఒకదాని నుంచే 12 వోల్టులు లాగితే అది ముందు డీలా పడుతుంది, రెండోది చార్జింగ్‌లో ఉడికిపోతుంది. ఒకే బ్యాటరీ అయినా, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న రవ్వ చాలు అంటుకోవడానికి. మూసిన అలమరాలో పెట్టి, మూతల పక్కనే క్రొకడైల్ క్లిప్పు టపటపా తగిలించడం అంటే రవ్వని మనమే పిలవడం. చిన్న బ్యాటరీ వేరేగా కొనుక్కోవడమే నయం.

లిథియం వైపు వెళ్లేవాళ్లు బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఉన్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ తీసుకుని, దాని చార్జర్‌తోనే చార్జ్ చేయాలి. పాత లాప్‌టాప్‌లోంచి పీకిన 18650 సెల్స్‌తో (గుండ్రటి లిథియం సెల్స్) సొంతంగా ప్యాక్ కట్టే పని వద్దు. 9900 ఎంఏహెచ్ (వెయ్యి ఎంఏహెచ్ అంటే ఒక ఏహెచ్) అని రాసున్న 18650 కనిపిస్తే నకిలీ అనుకోండి, మంచి సెల్ కూడా 3500 చుట్టుపక్కలే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో స్కూటర్ బ్యాటరీలు ఇంట్లో చార్జింగ్ పెట్టినప్పుడు పేలి మనుషులు చనిపోయారు. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకోకండి, పరుపు మీద అసలే వద్దు, గుమ్మానికి అడ్డంగానూ వద్దు. పొగ వస్తే దాన్ని ఆర్పే ప్రయత్నాలు మాని అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి.

లెడ్ యాసిడ్‌ని పూర్తిగా పిండకూడదు. పాట ఆపి కాసేపయ్యాక మీటరు 12.2 వోల్టులు చూపిస్తే సగం అయిపోయినట్టు, చార్జింగ్ పెట్టేయండి. ఆ లెక్కన 7 ఏహెచ్ బ్యాటరీలో మనకి దక్కేది 3.5 ఏహెచ్, సగటున 0.7 ఆంపియర్లు లాగితే ఐదు గంటల పాటలు. ఎల్‌ఎఫ్‌పీలో వోల్టేజీ దాదాపు చివరిదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం.

వేసవి సెలవులకి ఊరెళ్తుంటే ఫ్యూజు తీసేసి వెళ్లండి. పాట ఆపినా బ్లూటూత్ బోర్డు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. అలా ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్ని వారాలు పడి ఉంటే సల్ఫేట్ పట్టి మళ్లీ పూర్తిగా చార్జ్ ఎక్కదు.