ఇంట్లో ఫ్లూ రోగి ఉంటే ఎన్-95 మాస్కు ఎలా పెట్టుకోవాలి?

ఫ్లూ వచ్చినవాళ్లు దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా వైరస్ ఉన్న తుంపర్లు బయటికి వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే కింద పడిపోతాయి. కంటికి ఆననంత సన్నవి మాత్రం తలుపులు మూసిన గదిలో అగరుబత్తి పొగలా తేలుతూనే ఉంటాయి. ఆ గాలి మనం పీలిస్తే ముక్కులో, గొంతులో లోపలి పొర మీద వాలతాయి. అక్కడి శరీర కణాల పైనుండే సయాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థాన్ని పట్టుకుని వైరస్ లోపలికి దూరుతుంది. కంటి నుంచి ముక్కులోకి కన్నీటి నాళం ఉంటుంది కాబట్టి, అంటిన చేత్తో కన్ను నులుముకున్నా ముప్పే. చేతులు కడుక్కోవాల్సిందే. కానీ తలుపు గడియలు రోజుకు నాలుగుసార్లు తుడుస్తూ, గాలి సంగతి గాలికొదిలేసిన ఇళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తున్నాయి.

ముందు గది. రోగిని కిటికీ ఉన్న గదిలో పడుకోబెట్టి, కిటికీ తెరవండి. ఏసీ వద్దు. మన ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఒకటే గది ఉన్న ఇల్లయితే మంచం కిటికీ పక్కకు జరిపి, టేబుల్ ఫ్యాను బయటివైపు తిప్పి పెట్టండి. సేవ చేసేది ఒక్కరే. గర్భిణులు, పెద్దవయసువాళ్లు, షుగరు ఉన్నవాళ్లు వద్దు. పలకరించడానికి వచ్చే చుట్టాలను ఫోనులోనే పలకరించమనండి.

తర్వాత మాస్కు. తల చుట్టూ రెండు ఎలాస్టిక్‌లు వచ్చేదే కొనండి. చెవులకు తగిలించుకునేవి బిగుతుగా కూర్చోవు, నేను వాటిని లెక్కలోకే తీసుకోను. ముందు వాల్వు ఉన్నదీ వద్దు, మీరు వదిలే గాలి వడకట్టకుండా బయటికి పోతుంది. రోగికి మామూలు సర్జికల్ మాస్కు చాలు.

ఇక అసలు పని, పెట్టుకోవడం. వార్డులో కొత్తగా పనికి చేరిన పిల్లలకు నేను అన్నిటికంటే ఎక్కువసేపు నేర్పేది ఇదే. ఎన్-95 అంటే గాలిలో తేలే 0.3 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుందని అర్థం. ఆ లెక్క మాస్కులోంచి వెళ్లే గాలికే వర్తిస్తుంది. పక్క సందుల్లోంచి దూరే గాలికి ఏ లెక్కా లేదు.

గది బయట, అద్దం ముందు నిలబడండి. మాస్కును అరచేతిలో పెట్టుకుని, ముక్కు క్లిప్పు పైకి ఉండేలా గడ్డం కింద నుంచి ముఖానికి ఆనించండి. పై ఎలాస్టిక్ నడినెత్తికి కాస్త వెనగ్గా, కింది ఎలాస్టిక్ చెవుల కింద మెడ వెనక ఉండాలి. రెండూ ఒకదాన్నొకటి దాటకూడదు. రెండూ మెడ మీదకే దించేసేవాళ్లు, ఒకటి తగిలించి ఇంకోటి గడ్డం కింద వేలాడదీసేవాళ్లు ఎంతమందో. అలా చేస్తే మాస్కు లేనట్టే.

ఇప్పుడు ముక్కు క్లిప్పు. ఒక చేత్తో గిల్లినట్టు నొక్కకండి, మధ్యలో మడత పడి అటూ ఇటూ సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్లతో ముక్కు దూలం మీద నుంచి బుగ్గల వైపు నొక్కుకుంటూ వెళ్లండి. తర్వాత రెండు అరచేతులూ మాస్కు మీద తేలిగ్గా పెట్టి, గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల దగ్గర గాలి తగిలితే క్లిప్పు మళ్లీ నొక్కాలి. బుగ్గల దగ్గర తగిలితే ఎలాస్టిక్‌లు సరిచేయాలి. ఊపిరి పీల్చినప్పుడు మాస్కు కొద్దిగా లోపలికి లాగినట్టు అవ్వాలి. కళ్లజోడు మీద ఆవిరి పడుతోందంటే ఇంకా సందు ఉన్నట్టే. అంచుల కింద గడ్డం వెంట్రుకలుంటే ఎంత బిగించినా కుదరదు, గీసుకోవాలి. లోపల ఇంకో గుడ్డ మాస్కు వేసుకోవద్దు, అంచులు లేచిపోతాయి. రోగి గదిలోకి వెళ్లే ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి, జావ గ్లాసు ఇచ్చి రావడానికైనా సరే.

లోపలికి వెళ్లాక మాట్లాడటానికని మాస్కు కిందికి లాగకండి. రోగికి వినపడకపోతే గొంతు పెంచండి. ఆవిరి పట్టిస్తే ముక్కుదిబ్బడ కాస్త సర్దుకుంటుంది, అంతేగానీ వైరస్ చావదు. కర్పూరం, పసుపు పొగలు గాలిని శుభ్రం చేయవు, దగ్గేవాళ్లకు దగ్గు పెంచుతాయి.

తీయడం గది బయటే, తలుపు మూశాక. ముందు చేతులు శుభ్రం చేసుకోండి. మాస్కు ముందుభాగం ముట్టుకోకుండా కింది ఎలాస్టిక్ తీసి, తర్వాత పైది తీయండి. మళ్లీ చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగండి.

మాస్కును ఉతికి దండెం మీద ఆరేయడం, శానిటైజర్ కొట్టడం దయచేసి మానండి. ఫ్లూ వైరస్ సుమారు 0.1 మైక్రాను ఉంటుంది. అంత చిన్నవాటినీ, అవి ఎక్కి వచ్చే సన్నటి తుంపర్లనూ మాస్కు పట్టి ఉంచేది జల్లెడ కన్నాలతో కాదు, ఎక్కువగా పోగుల్లోని విద్యుదావేశంతో. సబ్బు, స్పిరిట్ తగిలితే ఆ ఆవేశం పోతుంది. చూడటానికి మాత్రం మాస్కు కొత్తదానిలాగే ఉంటుంది. మళ్లీ వాడాలంటే కాగితం కవరులో పెట్టండి. పాలిథిన్ సంచిలో పెడితే చెమ్మ ఆరదు. తడిసినా, ఎలాస్టిక్ సాగినా, ఊపిరి పరీక్షలో గాలి బయటికి వస్తున్నా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి, కొత్తది తీయండి.