అమ్మ చేత బీపీ లెక్క ఫోన్‌లో పెట్టించాలంటే

మాది ఉద్దానం, కవిటి దగ్గర. ఇక్కడ కిడ్నీ జబ్బు భయంతోనే బతుకుతాం, అందుకే బీపీ లెక్క పెట్టుకోవాలి, అయినా పెద్దవాళ్లకి యాప్ అనగానే టెన్షన్, ఏదో నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయేమోనని. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, 14 అంకెల ఆభా నంబరు అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరే, బ్యాంకు ఖాతా నంబరు కాదని నిదానంగా చెప్పండి.

మొదటి వారం యాప్ వద్దు. 5 నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి బీపీ చూసుకుని, మిషన్ మీది అంకెల్ని ఫోటో తీసి వాట్సాప్‌లో మీకు పంపితే చాలు. మా అమ్మ పంపిన ఫోటోల్లో మొదట్లో సగం బొటనవేలే ఉండేది, నేను విసుక్కోలేదు కాబట్టే మానేయలేదు.

అక్షరాలు పెద్దవి చేసి, తెలుగు పెట్టాకే యాప్. అంకెలు చూసి మాత్రలు మాత్రం మీరే మార్చకండి, డాక్టరుకి చూపించండి.