సాండింగ్‌కి ముందు నాలుగు నీటిచుక్కలు
అమెరికాలో పాత ఇల్లు కొన్నారా? హార్డ్‌వుడ్ ఫ్లోర్ కళ తప్పిందని వెంటనే సాండింగ్‌కి, అంటే మెషీన్‌తో చెక్క పైభాగాన్ని అరగదీయడానికి, ఒప్పుకోకండి. ఎక్కువగా నడిచే చోట నాలుగు నీటిచుక్కలు వేసి ఐదు నిమిషాలు చూడండి. చుక్క గుండ్రంగా నిలిస్తే పైపూత ఇంకా ఉన్నట్టే. పైపైన రుద్ది కొత్త కోటు వేయిస్తే సాధారణంగా సరిపోతుంది, ఖర్చూ బాగా తగ్గుతుంది. నీళ్లు ఇంకిపోయి చెక్క నల్లబడితే పూత అరిగిపోయిందని అర్థం.

అప్పుడు కూడా తొందరొద్దు. నేలలో హీటర్ గాలి వచ్చే వెంట్ మూత ఎత్తి చెక్క అంచు చూడండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ముప్పావు అంగుళం మందాన ఒకే చెక్క అయితే చాలావరకు భయం లేదు. ప్లైవుడ్‌లా పొరలుండి పై పొర 1 మిల్లీమీటరే ఉంటే మెషీన్ పెట్టనివ్వకండి, అడుగు పొర బయటపడుతుంది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే, పాత పూతలో సీసం ఉందేమో పరీక్ష చేయించాకే దుమ్ము లేపండి. ఇంట్లో పాకే పిల్లలుంటే మరీ ముఖ్యం.