చల్లారిన ఊక బాయిలర్‌ను ఆవిరి మీదికి తేవడం ఎలా?

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు ఉడకడానికీ ఆరడానికీ ఆవిరి ఇచ్చేది ఎక్కువగా ఊకతో మండే ఫైర్ ట్యూబ్ బాయిలర్. ఇందులో వేడి పొగ గొట్టాల లోపలి నుంచి పోతుంది, నీళ్లు వాటి చుట్టూ ఉంటాయి. వాటర్ ట్యూబ్ రకంలో నీళ్లు గొట్టాల్లో, మంట బయట. రామగుండం, కృష్ణపట్నం థర్మల్ కేంద్రాల్లో ఉన్నవి ఇవే. కొన్ని మిల్లుల్లో రెండూ కలిసే ఉంటాయి: ఫర్నేస్ గోడలకు నీటి గొట్టాలు, వెనక పొగ గొట్టాల షెల్ (నీళ్లు, గొట్టాలు ఉండే పెద్ద ఇనుప డొల్ల). ఫైర్ ట్యూబ్‌లో నీటి నిల్వ ఎక్కువ. అందుకే ఆవిరి వాడకం ఒక్కసారిగా పెరిగినా ప్రెషర్ చప్పున పడిపోదు. షెల్ పగిలితే నష్టం ఘోరంగా ఉండేదీ అందుకే.

బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉన్నవారే ఈ పని చేయాలి.

1. పైనున్న ఎయిర్ వెంట్ తెరవండి, ఆవిరి లైన్‌లోకి వెళ్లే మెయిన్ స్టాప్ వాల్వ్ మూయండి. లోపలి నీటి మట్టం చూపే గేజ్ గ్లాస్‌లో మూడో వంతు వరకే నీళ్లు నింపండి. వేడెక్కితే నీళ్లు ఉబ్బి మట్టం అదే పెరుగుతుంది.

2. బోరు నీళ్లను నేరుగా పోయకండి. సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తీసే పరికరం) దాటిన నీటిలో కాఠిన్యం 5 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5) లోపు ఉండాలి. లేకుంటే గొట్టాలకు పొలుసు కట్టి, వేడి నీటికి అందక ఇనుమే కాగి ఉబ్బుతుంది.

3. మంట పెట్టేముందు ఐడీ ఫ్యాన్‌ను (పొగను చిమ్నీ వైపు లాగేది) ఐదు నిమిషాలు ఆడించండి, ఫర్నేస్‌లో నిలిచిన గ్యాస్ పోతుంది. తర్వాత కట్టెలతో చిన్న మంట పెట్టి, అది నిలకడగా మండాకే ఊక వదలండి. తొందరపడి మంట పెంచితే షెల్, గొట్టాలు సమానంగా సాగవు. గొట్టాల చివరలు బిగించిన ట్యూబ్ ప్లేట్ దగ్గర నీళ్లు కారడం మొదలవుతుంది, ఇటుకలు బీటలిస్తాయి.

4. వెంట్ నుంచి గాలి పోయి ఆవిరి ధారగా వచ్చాక, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో దగ్గర, వెంట్ మూయండి.

5. ఇప్పుడు గేజ్ గ్లాస్ పరీక్ష. దీన్ని ఏ షిఫ్టులోనూ వదలకండి. డ్రెయిన్ తెరిచి, నీటి కాక్ మూస్తే ఆవిరి జోరుగా రావాలి. నీటి కాక్ తెరిచి ఆవిరి కాక్ మూస్తే నీళ్లు రావాలి. రెండూ తెరిచి డ్రెయిన్ మూయగానే మట్టం చటుక్కున పైకి లేవాలి. నెమ్మదిగా లేస్తే దారిలో బురద ఉన్నట్టే, ఆ గ్లాస్ చూపే మట్టాన్ని నమ్మకూడదు. రెండో గ్లాస్‌తో పోల్చండి.

6. లైన్‌లోని డ్రెయిన్లు తెరిచి, స్టాప్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా తిప్పండి. చల్లని పైపులో నిలిచిన నీటిని ఆవిరి విసిరికొడితే ఫ్లాంజ్‌లు (పైపులను కలిపే బోల్టు అంచులు) విరిగేంత దెబ్బ తగులుతుంది.

గ్లాస్‌లో నీళ్లు కనబడకపోతే? ఊక ఆపండి, ఫ్యాన్లు ఆపండి, స్టాప్ వాల్వ్ మూయండి. ఫీడ్ పంప్ మాత్రం వేయకండి. ఎర్రగా కాలిన గొట్టాల మీద చల్లని నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై, పేలుడుకు దారితీయవచ్చు. సేఫ్టీ వాల్వ్‌ను కూడా ఎత్తకండి, మిగిలిన నీళ్లూ వెళ్లిపోతాయి. బాయిలర్ దానంతటదే చల్లారాలి. తర్వాత గొట్టాలనూ, నీళ్లు తగ్గితే కరిగిపోయే ఫ్యూసిబుల్ ప్లగ్‌నూ తనిఖీ చేయించాకే మళ్లీ మంట.

నడుస్తున్నప్పుడు నీటిలో కరిగిన లవణాలను 3,500 పీపీఎం దాటనివ్వకండి. దాటితే నురుగు వచ్చి, ఆవిరి వెంట నీళ్లూ వెళ్తాయి. లవణాలు చేరిన నీటిని కొంత బయటికి వదిలే బ్లోడౌన్ వాల్వ్ తెరిచి ఉన్నంతసేపూ అక్కడే ఉండి, గ్లాస్ చూసే మనిషిని వేరే పెట్టుకోండి.

ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే. అందులో సిలికా ఎక్కువ కాబట్టి గొట్టాల్లో పేరుకోవడమే కాదు, వాటిని అరగదీస్తుంది కూడా. చిమ్నీ పొగ వేడి మామూలు కన్నా 22 డిగ్రీలు పెరిగితే, సామర్థ్యం సుమారు 1 శాతం పోయినట్టు. అప్పుడు బ్రష్ దూర్చి గొట్టాలు తోమాల్సిందే.