తెలుగు స్త్రీల చరిత్ర కోసం లైబ్రరీకి వెళ్తున్నారా? ముందు ఇంటిపేర్లు రాసుకోండి

స్త్రీల చరిత్ర మీద ఏదైనా రాద్దామనుకునేవాళ్లు చాలామంది లైబ్రరీ కేటలాగులో "స్త్రీలు" అని కొట్టి, వచ్చిన పదిపన్నెండు పుస్తకాలు తిరగేసి, ఇంతకుమించి లేదేమో అనుకుని వచ్చేస్తారు. ఉంది, చాలా ఉంది. కాకపోతే "స్త్రీలు" అనే చోట లేదు.

మొదటి పని పేర్లు. మీరు వెతుకుతున్నావిడ పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు, భర్త పేరు, అన్నదమ్ముల పేర్లు, ఉన్న ఊళ్లు అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రచయిత్రి భండారు అచ్చమాంబనే తీసుకుందాం. ఆమె 1874లో పుట్టి 1905లో పోయింది, అంటే ముప్ఫయ్యొక్క ఏళ్లు కూడా సరిగా బతకలేదు. పుట్టింటివాళ్లు కొమర్రాజువారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టినవాళ్లలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడే. కాబట్టి ఆమె గురించిన సమాచారం ఆమె పేరు కింద దొరక్కపోతే తమ్ముడి జీవితచరిత్రల్లో, ఆయన మీద వచ్చిన సంచికల్లో వెతకాలి. కేటలాగులో "భండారు" అనీ "బండారు" అనీ రెండు రకాలుగా కొట్టి చూడండి. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు, ఒక్క అక్షరం తేడాతో పుస్తకం లేనట్టే కనిపిస్తుంది. నేను ఒక పుస్తకం కోసం రెండు రోజులు తిరిగి, చివరికి పేరులో సగం మాత్రమే కొడితే దొరికించుకున్నాను.

పేర్లు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అంటే, ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ రాసిన "ఆంధ్ర కవయిత్రులు" మంచి మొదలు. ఇంగ్లీషు చదవగలిగితే సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993లలో రెండు సంపుటాలుగా వచ్చిన "విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా" తప్పకుండా చూడండి. ఒక్కో రచయిత్రికి ముందు ఇచ్చిన పరిచయం చదివితే ఇంకా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కానీ ఇలాంటి పుస్తకాల దగ్గరే ఆగిపోవద్దు. అసలు సరుకు పత్రికల్లో ఉంది.

పత్రికల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా అనుభవంలో తొంభై శాతం పని అక్కడే తేలుతుంది. కందుకూరి వీరేశలింగం 1883లో ఆడవాళ్ల కోసం సతీహితబోధిని అనే పత్రిక మొదలుపెట్టారు. 1902లో హిందూ సుందరి వచ్చింది, తర్వాత దాని సంపాదకత్వం కూడా ఆడవాళ్లే చూశారు. 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరి గృహలక్ష్మి మొదలుపెట్టారు. తెలుగులో మొదటి కథ అంటే 1910లో వచ్చిన "దిద్దుబాటు" అని మనం బళ్లో చదువుకున్నాం. కానీ అచ్చమాంబ కథ "ధన త్రయోదశి" 1902లోనే హిందూ సుందరిలో అచ్చయింది. మొదటి కథ ఏది అన్న చర్చ సంగతి ఎలా ఉన్నా, పాత సంచికలు ఓపిగ్గా తిరగేసినవాళ్లు లేకపోతే ఆ చర్చే వచ్చేది కాదు.

సంచిక చేతికి వచ్చాక కథలు, వ్యాసాలు మాత్రమే చదివి పక్కన పెట్టకండి. పాఠకురాళ్ల ఉత్తరాలు, స్త్రీ సమాజాల సమావేశాల వార్తలు, చందా కట్టినవాళ్ల పేర్లు, ప్రకటనలు అన్నీ చూడండి. గృహలక్ష్మి పెట్టిన కేసరిగారి మందుల సంస్థ కేసరి కుటీరంవారి లోధ్ర అనే ఆడవాళ్ల మందు ప్రకటన ఒక్కటి చదివినా ఆ రోజుల్లో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఏ మాటలు బయటికి అనగలిగేవారో, ఏవి మింగేసేవారో అర్థమవుతుంది. ఆడపేరు కనిపించగానే ఆడమనిషే రాసిందని మాత్రం రాసేసుకోవద్దు. బీనాదేవి భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు.

తేదీల దగ్గర జాగ్రత్త. పాత సంచికల మీద చాలాసార్లు తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. శుభకృతు అంటే 1902-03, మళ్లీ 1962-63, మళ్లీ 2022-23. అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి కాగితం, అచ్చు, ధర చూసి ఏదో తేల్చుకోవాలి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ లెక్క (అప్పటి ప్రభుత్వం వాడిన సంవత్సరాల లెక్క) ఉంటే దానికి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి? వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో భాషా నిలయం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. స్త్రీవాద పుస్తకాలకు, పరిశోధనలకు హైదరాబాదులోనే 1985లో మొదలైన అన్వేషి అనే స్త్రీల పరిశోధన కేంద్రం ఉంది. చెన్నైలో కన్నెమరా గ్రంథాలయం ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి, మీకు కావలసిన సంపుటం ఇస్తారా, బైండింగుకి పోయిందా కనుక్కోండి. ఊళ్లో శాఖా గ్రంథాలయానికైతే శుక్రవారం వెళ్లకండి, చాలాచోట్ల సెలవు.

బీరువాల దగ్గర ఇంకో సంగతి. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో స్త్రీల పుస్తకాలు ఇప్పుడు 305.4లో పెడతారు, పాత వర్గీకరణలో ఆ నంబరు 396. నంబర్లు మార్చని లైబ్రరీల్లో రెండుచోట్లా చూడాలి. ఆ పైన జీవితచరిత్రలకు 920లు, వంటకు 641.5, తెలుగు సాహిత్యానికి 894.827. ఇవన్నీ ఆడవాళ్ల చరిత్రే.

ప్రభుత్వ కాగితాలు కూడా చూడండి. అచ్చయిన పుస్తకాలను నమోదు చేయించాలన్న 1867 చట్టం ప్రకారం మద్రాసు ప్రభుత్వం అచ్చయిన పుస్తకాల జాబితా మూడు నెలలకోసారి వేసేది. అందులో పేజీలు, ధర, ఎన్ని ప్రతులు వేశారు అన్నీ ఉంటాయి. పుస్తకమే దొరకనప్పుడు అదొక్కటే ఆధారం. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించింది, తర్వాత దాని మీద నిషేధం పడింది. నిషేధం పడిందంటే ఫిర్యాదులు, ఉత్తర్వులు ఉంటాయి. సాహిత్య చరిత్రలు రెండు ముక్కల్లో తేల్చేసిన మనిషి గురించి అలాంటి ఫైళ్లలో పేజీలకు పేజీలు దొరకొచ్చు.

రాతలో అసలే లేనివాళ్లకోసమైతే 1986లో స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల బృందం తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పినవి అందులో ఉన్నాయి. ప్రశ్నలు ఎలా అడిగారో, మాట ఎక్కడ ఆగిందో గమనించండి, మీ ఇంట్లో అమ్మమ్మని కూర్చోబెట్టుకుని రికార్డు చేసేటప్పుడు పనికొస్తుంది.

ఫోటో తీసే ప్రతిసారీ ముందు అట్ట, తర్వాత సంపుటి, సంచిక నంబరు ఉన్న పేజీ, ఆ తర్వాతే మీకు కావలసిన పేజీ తీయండి. అంచులు పొడిపొడిగా రాలుతున్న ఆ సంపుటాన్ని మీ ఒక్క పేజీ నంబరు కోసం ఇంకోసారి విప్పించే పరిస్థితి రాకూడదు.