పిల్లల టెన్షన్ తగ్గాలంటే ఎంత ఆడాలి, ఎలా ఆడాలి

ఆడుకుంటే పిల్లల్లో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ తగ్గిపోతుందని అందరూ అంటుంటారు. అది సగమే నిజం. గట్టిగా పరిగెత్తుతున్న పిల్లాడి ఒంట్లో కార్టిసాల్ ఆ కాసేపు పెరుగుతుంది. కండరాలకు శక్తి కావాలి, దానికి సరిపడా గ్లూకోజ్ రక్తంలో ఉండేలా చూడటం ఈ హార్మోన్ చేసే పనుల్లో ఒకటి. ఆట ఆగాక మెల్లగా దిగుతుంది. రోజూ ఇలా ఎక్కి దిగడం ఒంటికి అలవాటైతే, పరీక్షో గొడవో వచ్చినప్పుడు కూడా అంత ఎగిసిపడదని పరిశోధకుల ఆలోచన.

2013లో ఫిన్లాండ్ పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లలు ఎంత కదులుతున్నారో పరికరాలతో కొలిచి, తర్వాత వాళ్లను పెద్దవాళ్ల ముందు నిలబెట్టి కథ చెప్పమన్నారు, లెక్కలు చేయమన్నారు. బాగా ఆడే పిల్లల లాలాజలంలో కార్టిసాల్ పెద్దగా పెరగలేదు, తక్కువ కదిలే పిల్లల్లో పెరిగింది. దీనికి ఆటే కారణమని ఈ ఒక్క పరిశోధనతో తేల్చలేం గానీ, పిల్లల్ని రోజూ ఆటకు పంపడానికి నాకైతే ఇది చాలు.

ఎంతసేపు అంటే, 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి గంట కుదరకపోతే పొద్దున ఇరవై, సాయంత్రం నలభై చేయండి. ఎంత గట్టిగా ఆడుతున్నారో తెలుసుకోవడానికి వాచీలూ యాప్‌లూ అక్కర్లేదు, ఆడుతూ మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థంగా ఉన్నట్టు. ఎక్కువ రోజులు అలా ఉంటే చాలు, వారంలో కనీసం మూడు రోజులు మాత్రం రొప్పేలా పరిగెత్తాలి, ఎగరాలి, ఎక్కాలి.

ఆట ఏదన్నది పిల్లలకే వదిలేయండి, దీని గురించి మాత్రం నేను గట్టిగా చెప్తాను. మార్కులు తగ్గాయని పది రౌండ్లు కొట్టించడం, ఓడిపోతే ఇంటికొచ్చేదాకా తిట్టడం, పక్కింటి పిల్లతో పోల్చడం... ఇలా చేస్తే ఆటే ఇంకో పరీక్ష అయిపోతుంది. నలుగురూ తనని తూకం వేస్తున్నారన్న భయమే కార్టిసాల్‌ని బాగా పెంచుతుంది, పైన చెప్పిన పరిశోధనలో పెట్టిన పరీక్ష కూడా సరిగ్గా అలాంటిదే.

రేపు పరీక్ష, పాప కడుపునొప్పి అంటోంది, అరగంటగా అదే పేజీ తెరిచి కూర్చుంది అనుకోండి. పుస్తకం మూయించి చెప్పులేసుకోమనండి. పదిహేను నిమిషాలు కొంచెం వేగంగా నడవండి, చదువు ఊసెత్తకండి. తనే మాట్లాడితే వినండి, లేకపోతే ఊరికే నడవండి. రాగానే నీళ్లు తాగించి, రెండు నిమిషాలు ఊపిరి నిదానంగా వదలమనండి. ఆ రాత్రి పోటీ ఆటలు మాత్రం వద్దు. పడుకునే ముందు ఒళ్లు వేడెక్కితే నిద్ర ఆలస్యమవుతుంది, నిద్ర చాలకపోతే మర్నాడు చిన్న విషయానికే టెన్షన్ పెరుగుతుంది.

కార్టిసాల్ టెస్ట్ చేయించాలా అని అడుగుతుంటారు. డాక్టర్ చెప్తే తప్ప వద్దు. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకి అది బాగా ఎక్కువగా, అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువగా ఉంటుంది, కాబట్టి ఒక్క అంకె చూసి పిల్లల టెన్షన్ ఎంతో చెప్పలేం. నిద్ర, ఆకలి, చిరాకు గమనించండి, అవే ఎక్కువ చెప్తాయి.

రోజూ కోచింగ్‌కి వెళ్లే పిల్లలైతే వారానికి ఒకటి రెండు రోజులు పూర్తిగా సెలవివ్వండి. ఇష్టమైన ఆటకే వెళ్లనంటున్నా, ఎంత పడుకున్నా అలసట తీరకపోయినా కొన్నాళ్లు తగ్గించండి. ఆడుతుండగా కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం వెంటనే ఆపించి డాక్టర్‌కి చూపించండి.