పెళ్లి లైవ్‌కి చవక క్యాప్చర్ కార్డు చాలు, ఓబీఎస్‌లో ఒక్కటి మార్చుకుంటే

ఇప్పుడు పెళ్లి బుకింగ్‌కి వచ్చినవాళ్లు ఆల్బమ్ ఎన్ని షీట్లో అడగడం కంటే ముందు "లైవ్ ఉంటుంది కదండీ?" అంటున్నారు. డల్లాస్‌లో మేనమామకి జీలకర్ర బెల్లం కనిపించాలి మరి. ఒక్క కెమెరా లైవ్‌కి వేలు పోసి స్విచ్చర్ (ఒక కెమెరా నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె) కొనక్కర్లేదు. కెమెరా బొమ్మని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే, వెయ్యి లోపు వచ్చే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు, ఓ మోస్తరు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే లైవ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో సరిపోతాయి.

డబ్బా మీద "4కే" అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. 4కే సిగ్నల్ లోపలికి తీసుకుంటుంది, ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది మాత్రం 1080పీ. చవక కార్డుల్లో ఎక్కువగా ఉండేది ఎంఎస్2109 చిప్. కనెక్టర్ యూఎస్‌బీ 3.0లా నీలం రంగులో ఉన్నా లోపల నడిచేది యూఎస్‌బీ 2.0నే. డ్రైవర్ కోసం వెతకొద్దు, విండోస్‌కైనా లైనక్స్‌కైనా ఇదొక వెబ్‌క్యామ్ అంతే.

ముందు కెమెరా సంగతి. మెనూలో హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే ఆఫ్ చేయండి. లేకపోతే బ్యాటరీ గుర్తు, ఫోకస్ డబ్బాలు కూడా పెళ్లికూతురి మొహం మీదుగా అమెరికా పోతాయి. ఆటో పవర్ ఆఫ్ కూడా తీసేసి, అడాప్టర్ మీద నడపండి. షట్టర్ 1/50 ఉంచితే మన 50 హెర్ట్జ్ కరెంటుకి ఫంక్షన్ హాల్ లైట్లు వెలిగి ఆరినట్టు కనిపించవు.

ఓబీఎస్‌లో సోర్సెస్ కింద ప్లస్ నొక్కి వీడియో క్యాప్చర్ డివైస్ ఎంచుకోండి. జాబితాలో కార్డు సాధారణంగా "యూఎస్‌బీ వీడియో" అనే పేరుతో ఉంటుంది. బొమ్మ వచ్చేస్తుంది, కానీ బొమ్మలకొలువులో బొమ్మల్లా మనుషులు కదలరు. నాకు ఫోన్ చేసే కుర్రాళ్లందరిదీ ఇదే గోల: "అన్నా, కార్డు డూప్లికేట్ ఇచ్చాడు." కార్డు బాగానే ఉంటుంది. అది వైయూవై2 అనే, బొమ్మని కుదించకుండా పంపే ఫార్మాట్‌లో తెరుచుకుని ఉంటుంది. ఆ ఫార్మాట్‌లో 1080పీ, సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 1000 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి కాగితం మీదే 480. అందుకే ఫ్రేములు ఐదుకో పదికో పడిపోతాయి. రిజల్యూషన్ టైప్‌ని కస్టమ్ చేసి, 1920x1080 పెట్టి, వీడియో ఫార్మాట్‌లో ఎంజెపెగ్ ఎంచుకోండి. కార్డే కుదించి పంపుతుంది కాబట్టి బొమ్మ సాఫీగా కదులుతుంది. కెమెరా 25 లేదా 50లో ఉంటే ఇక్కడా, ఓబీఎస్ వీడియో సెట్టింగ్స్‌లోనూ 25 పెట్టండి, అడ్డంగా తిప్పినప్పుడు కుదుపు ఉండదు.

అసలు బొమ్మే రాకుండా నల్లగా ఉంటే జూమ్ లాంటిదేదో కార్డుని పట్టుకుని కూర్చుందేమో చూడండి. తర్వాత విండోస్ ప్రైవసీలో కెమెరా అనుమతి చూడండి.

సౌండ్ ఈ బొమ్మతో పాటు దానంతట అది రాదు. ఆడియో ఇన్‌పుట్ క్యాప్చర్ అని వేరే సోర్స్ కలిపి, "డిజిటల్ ఆడియో ఇంటర్‌ఫేస్" ఎంచుకోవాలి. లెవెల్ పంతులుగారి మంత్రాలకి సరిచేశారో, తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగగానే మీటర్ ఎరుపెక్కి సౌండ్ చిట్లిపోతుంది. మేళం వాళ్లని ముందే ఒకసారి గట్టిగా వాయించమని అడిగి, అప్పుడు కూడా మీటర్ పసుపు దాటకుండా పెట్టుకోండి. మంత్రాలు కాస్త తగ్గినా ఎవరూ ఫోన్ చేయరు. కుదిరితే మైక్‌సెట్ మిక్సర్ నుంచి లైన్ తీసుకుని కెమెరాకే ఇవ్వండి, పెదాలకీ మాటకీ తేడా రాదు. ఇచ్చేముందు కెమెరా ఇన్‌పుట్‌ని మైక్ నుంచి లైన్‌కి మార్చడం మరవొద్దు.

నెట్ విషయానికొస్తే హాల్ వాళ్ల వైఫైని నేను నమ్మను. అందరి ఫోన్లూ దానిమీదే ఉంటాయి. ఫోన్‌ని కేబుల్‌తో కట్టి యూఎస్‌బీ టెథరింగ్ చేస్తాను, అంటే ఫోన్ నెట్‌నే ల్యాప్‌టాప్‌కి ఇస్తాను. అవుట్‌పుట్ 720పీ, బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) 2500 కేబీపీఎస్, కీఫ్రేమ్ ఇంటర్వెల్ (పూర్తి ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వ్యవధి) 2 సెకన్లు. అప్‌లోడ్ స్పీడు ఈ బిట్‌రేట్‌కి రెట్టింపు నిలకడగా ఉండాలి. అడ్వాన్స్‌డ్‌లో బిట్‌రేట్ దానంతట అదే తగ్గే ఆప్షన్ టిక్ చేస్తే సిగ్నల్ పడిపోయినప్పుడు బొమ్మ మసకబారుతుంది గానీ ఆగదు.

యూట్యూబ్ ఛానెల్ కొత్తదైతే ఫోన్ నంబర్ వెరిఫై చేశాక లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ముహూర్తం రోజు పొద్దున మొదలుపెట్టే పని కాదది. వీడియోని అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి లింకు పెళ్లివారి వాట్సాప్ గ్రూపులో వేయండి. 12 గంటలు దాటిన లైవ్‌ని యూట్యూబ్ మొత్తంగా దాచిపెట్టదు, కాబట్టి పెళ్లికి ఒక లైవ్, రిసెప్షన్‌కి ఇంకో లైవ్ పెట్టండి.